గజాల లెక్క, ఏళ్ల లెక్క: అమెరికా కళాశాల రన్నింగ్ బ్యాక్ ఆటజీవితం

2024 డిసెంబర్ 31న అరిజోనా రాష్ట్రంలోని గ్లెండేల్‌లో కళాశాల అమెరికన్ ఫుట్‌బాల్ పోటీ ఫియెస్టా బౌల్ మొదలయ్యేసరికి, బోయిసీ స్టేట్ విశ్వవిద్యాలయ జట్టులోని రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు) ఆష్టన్ జెంటీ ఖాతాలో ఆ సీజన్‌కు 2,497 గజాల పరుగు ఉంది. మరో 132 గజాలు చేరితే, 1988 నుంచి చెక్కుచెదరకుండా ఉన్న బ్యారీ శాండర్స్ ఒకే సీజన్ రికార్డు 2,628 గజాలు వెనకబడిపోయేది. పెన్ స్టేట్ జట్టు ఆ అవకాశం ఇవ్వలేదు. జెంటీ 30 సార్లు బంతి మోసినా 104 గజాల దగ్గరే కట్టడి చేసింది. లెక్క 2,601 దగ్గర ఆగిపోయింది.

ఆ 27 గజాల తేడా చుట్టూ అల్లుకున్న ప్రశ్నలు ఆ ఆటతో ముగిసిపోలేదు. జెంటీ ఆ గీత దాటి ఉన్నా దాన్ని సరైన రికార్డు అనవచ్చునా? 21 ఏళ్ల కుర్రాడు ఇంకో ఏడాది కళాశాలలో ఉండే హక్కు ఉండగానే ఎందుకు వెళ్లిపోయాడు? అంతకు ముందే వెళ్లాలనుకుంటే వెళ్లగలిగేవాడా? విద్యార్థి అని పిలిచే ఆటగాడికి డబ్బు ముట్టజెప్పడం ఇరవై ఏళ్ల క్రితం నేరంలా ఉండి, ఇప్పుడు ఒప్పందంగా ఎలా మారింది? అమెరికాకు చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలకు శనివారం ఊరంతా ఒకే రంగు చొక్కాల్లో స్టేడియం వైపు కదలడం కనిపిస్తుంది గానీ, ఆ ఆట వెనుక ఉన్న ఈ లెక్కలు ఎవరూ విడమరిచి చెప్పరు. ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడిన ప్రశ్నలే. రన్నింగ్ బ్యాక్ శరీరం బాగా పనిచేసే ఏళ్లు కొన్నే. ఆ ఏళ్లను ఎలా లెక్కించాలి, వాటి మీద ఎవరికి ఎంత హక్కు అన్నదే అన్నింటికీ మూలం.

బంతి మోసేవాడి పని

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పాదానికి పని తక్కువ, భుజాలకూ తొడలకూ పని ఎక్కువ. మైదానం పొడవు 100 గజాలు. రెండు చివర్లా, బంతితో చేరి టచ్‌డౌన్ చేయవలసిన ఎండ్ జోన్‌లు ఉంటాయి. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. ఆ నాలుగింటిలో కనీసం 10 గజాలు ముందుకు జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు వస్తాయి, లేకపోతే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. ప్రతి ప్రయత్నంలోనూ క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు బంతిని దూరంగా విసరవచ్చు, లేదా పక్కనే ఉన్న రన్నింగ్ బ్యాక్ చేతికి అందించవచ్చు. అలా అందుకుని పరుగెత్తే ఒక్కో సందర్భాన్ని ఒక క్యారీ అంటారు.

కబడ్డీ తెలిసిన పాఠకుడికి రైడర్ గుర్తుకు రావచ్చు. ఒంటరిగా ఏడుగురి మధ్యకు వెళ్లేవాడు అతడు. అయితే రైడర్ తిరిగి వచ్చి గీత తాకితేనే పాయింట్. రన్నింగ్ బ్యాక్‌కు తిరిగి రావడమన్నది లేదు. టచ్‌డౌన్ అయినప్పుడో, గీత దాటి బయటికి వెళ్లినప్పుడో తప్ప, అతని పరుగు ఒకరో ఇద్దరో ముగ్గురో మీద పడి నేలకు అదమడంతోనే ముగుస్తుంది. ఒక క్యారీకి సగటున నాలుగైదు గజాలు వస్తే మంచి ఆటగాడే అంటారు. జెంటీ 2024లో 14 ఆటల్లో 374 క్యారీలు చేశాడు, అంటే ఆటకు దాదాపు 27 సార్లు. ఒక్కోదానికి సగటు 6.95 గజాలు. క్యారీ సంఖ్య అతని సంపాదన, అదే అతని అరుగుదల కూడా. ఈ రెండు అర్థాలనూ గుర్తుంచుకుంటే మిగతా విషయం సులువుగా అర్థమవుతుంది.

27 గజాల తకరారు

కళాశాల క్రీడలను నియంత్రించే సంస్థ ఎన్‌సీఏఏ. అది 2001 సీజన్ వరకు బౌల్ ఆటల గణాంకాలను సీజన్ మొత్తంలో కలిపేది కాదు. బౌల్ అంటే సీజన్ ముగిశాక, డిసెంబర్ చివర్లోనో జనవరిలోనో, ఆహ్వానం మీద జరిగే ఆట. ఒకప్పుడు దాన్ని బహుమతిగా, పండగ ఆటగా చూసేవారు గనుక లెక్కకు బయట ఉంచారు. 2002 నుంచి కలపడం మొదలుపెట్టారు గానీ, పాత ఆటగాళ్ల లెక్కలను వెనక్కి వెళ్లి సరిదిద్దలేదు. తిరకాసు అంతా ఇక్కడే ఉంది.

శాండర్స్ ఓక్లహోమా స్టేట్‌లో మొదటి రెండేళ్లు థర్మన్ థామస్ అనే మరో గొప్ప ఆటగాడి వెనుక ప్రత్యామ్నాయంగా కూర్చున్నాడు. పూర్తిస్థాయిలో ఆడింది 1988 ఒక్క ఏడాదే. ఆ ఏడాది 11 ఆటల్లో 344 క్యారీలు, 2,628 గజాలు, 37 టచ్‌డౌన్ పరుగులు. చివరి ఆట జపాన్‌లోని టోక్యోలో జరిగింది. దేశంలో అత్యుత్తమ కళాశాల ఆటగాడికి ఇచ్చే హైస్‌మన్ ట్రోఫీ తనకు వచ్చిందన్న వార్త కూడా అతనికి అక్కడే అందింది. ఆ తరువాత హాలిడే బౌల్‌లో వయోమింగ్ మీద 29 క్యారీల్లో 222 గజాలు, ఐదు టచ్‌డౌన్‌లు చేశాడు. ఆ 222 గజాలు రికార్డు పుస్తకంలో లేవు. వాటిని కలిపితే మొత్తం 2,850 అవుతుంది.

జెంటీ విషయంలో 12 సాధారణ ఆటలు, వాటిపైన కాన్ఫరెన్స్ (కొన్ని విశ్వవిద్యాలయ జట్ల కూటమి) ఛాంపియన్‌షిప్ ఆట, దానిపైన బౌల్, అన్నీ కలిపి 14 ఆటలూ లెక్కలోకి వచ్చాయి. అతను 11 ఆటలు ముగించేసరికి ఉన్నవి 2,062 గజాలు. అదే 11 ఆటలకు శాండర్స్‌వి 2,628. ఇంకో కొలత చూద్దాం. బౌల్‌ను కలుపుకుంటే శాండర్స్ క్యారీలు 373, జెంటీవి 374. దాదాపు ఒకే సంఖ్యలో బంతి మోసిన ఇద్దరిలో ఒకరికి 2,850 గజాలు, మరొకరికి 2,601. క్యారీకి 7.64 ఒకవైపు, 6.95 మరొకవైపు. ఈ అంకెల ముందు పెట్టి చూస్తే, ఆ రాత్రి పెన్ స్టేట్ కట్టడి చేయడం ఒక విధంగా పుస్తకాన్ని ఇబ్బంది నుంచి తప్పించిందనే నాకనిపిస్తుంది.

జెంటీ పక్షాన వాదించేవారి మాటలోనూ పస ఉంది. శాండర్స్ 300 గజాలు దాటిన ప్రత్యర్థుల్లో, ఆ ఏడాది ఒక్క ఆట కూడా గెలవని కాన్సస్ స్టేట్ ఉంది. జెంటీ మాత్రం సీజన్ ఆరంభంలోనే, సాధారణ సీజన్‌ను ఓటమి లేకుండా ముగించిన ఆరిగన్ మీద, వారి సొంత మైదానంలో 192 గజాలు పరుగెత్తాడు. పైగా బోయిసీ స్టేట్ దగ్గర జెంటీ తప్ప ప్రత్యర్థులు భయపడవలసినవారు తక్కువ గనుక, ఎదుటి జట్లు రక్షణ మొత్తాన్నీ అతని చుట్టూనే మోహరించేవి. దీనికి శాండర్స్ పక్షం వారు, జెంటీ ఆడిన మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్స్ కూడా అగ్రశ్రేణి కాదు కదా అని బదులిస్తారు. ప్రత్యర్థుల బలాన్ని తూచే తక్కెడ ఎవరి దగ్గరా లేదు. ఆటల సంఖ్యను మాత్రం లెక్కపెట్టవచ్చు.

మొత్తం ఆటజీవితం లెక్కలో ఈ వైరుధ్యం ఇంకా పదునుగా బయటపడింది. విస్కాన్సిన్‌కు ఆడిన రాన్ డేన్ 1999లో ముగించేసరికి 6,397 గజాలతో అగ్రస్థానంలో నిలిచాడు. 2016 డిసెంబర్‌లో శాన్ డియేగో స్టేట్ ఆటగాడు డానెల్ పంఫ్రీ తన చివరి బౌల్ ఆటలో 6,405కు చేరి, ఎనిమిది గజాల తేడాతో ఆ స్థానాన్ని అందుకున్నాడు. పంఫ్రీ లెక్కలో అతని బౌల్ ఆటలన్నీ ఉన్నాయి, డేన్ లెక్కలో ఒక్కటీ లేదు. డేన్ బౌల్ ఆటలను కలిపితే 7,125 గజాలు. పుస్తకం ప్రకారం పంఫ్రీయే మొదటివాడు. పుస్తకం అబద్ధం చెప్పడం లేదు, ఒక్కో కాలపు ఆటగాణ్ణి ఆ కాలపు నియమంతోనే కొలుస్తోంది. కాకపోతే రెండు వేర్వేరు కొలబద్దలతో కొలిచిన పొడవులను ఒకే పట్టికలో పక్కపక్కన పేర్చింది.

నాలుగు సీజన్లు, ఐదేళ్లు, మూడేళ్లు

కళాశాలలో ఎంతకాలం ఆడవచ్చు అన్నదానికి రెండు గడియారాలు నడుస్తాయి. ఎన్‌సీఏఏ సంప్రదాయ నియమం ప్రకారం ఆటగాడికి నాలుగు సీజన్లు ఉంటాయి, వాటిని ఐదేళ్లలోపు వాడుకోవాలి. ఒక ఏడాది జట్టుతో సాధన చేస్తూ ఆటలకు దూరంగా ఉంటే దాన్ని రెడ్‌షర్ట్ ఏడాది అంటారు; సీజన్ ఖర్చు కాదు, ఏడాది మాత్రం గడిచిపోతుంది. 2018 నుంచి నాలుగు ఆటల వరకు ఆడినా రెడ్‌షర్ట్ చెల్లుతుంది. కోవిడ్ కారణంగా 2020 సీజన్‌ను ఎవరి లెక్కలోనూ వేయలేదు. అందుకే ఆ తరంలో ఆరో ఏట కూడా ఆడుతున్నవారు కనిపించారు. 1972కు ముందైతే మొదటి ఏడాది విద్యార్థులను ప్రధాన జట్టులో ఆడనిచ్చేవారే కాదు. ఆ నియమం సడలిన ఏడాదే ఒహాయో స్టేట్‌లో అడుగుపెట్టిన ఆర్చీ గ్రిఫిన్ 1974లోనూ 1975లోనూ హైస్‌మన్ గెలుచుకుని, దాన్ని రెండుసార్లు పొందిన ఏకైక ఆటగాడిగా మిగిలాడు.

రెండో గడియారం వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌ది. ఉన్నత పాఠశాల ముగిసి మూడేళ్లు నిండనిదే ఎవరినీ తీసుకోరాదన్నది దాని నియమం. దీని మూలం వెదికితే అక్కడ కూడా బంతి మోసేవాడే కనిపిస్తాడు. ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి ఆడిన రెడ్ గ్రేంజ్ 1924లో మిషిగన్ మీద తొలి 12 నిమిషాల్లోనే నాలుగు టచ్‌డౌన్‌లు చేసి దేశమంతా పేరు మోగించుకున్నవాడు. 1925 నవంబర్‌లో చివరి కళాశాల ఆట ముగియగానే చదువు పూర్తికాకుండానే షికాగో బేర్స్‌తో ఒప్పందం చేసుకుని, వారం తిరగకముందే వృత్తి ఆటగాడిగా మైదానంలోకి దిగాడు. విశ్వవిద్యాలయాలు మండిపడ్డాయి. ఒక ఆటగాడితోపాటు చదువు మొదలుపెట్టినవారు పట్టభద్రులయ్యే దాకా అతణ్ణి ముట్టుకోబోమని లీగ్ మాట ఇచ్చి వారిని శాంతింపజేసింది.

ఆ కట్టడి దశాబ్దాలపాటు సాగింది. జార్జియా విశ్వవిద్యాలయానికి మూడేళ్లలో 5,259 గజాలు తెచ్చి 1982 హైస్‌మన్ గెలిచిన హెర్షెల్ వాకర్‌కు ఎన్‌ఎఫ్‌ఎల్ తలుపు ఇంకా తెరుచుకోలేదు. అప్పుడే పుట్టిన పోటీ లీగ్ యూఎస్‌ఎఫ్‌ఎల్ 1983లో అతణ్ణి ఎగరేసుకుపోయింది. 1989లో శాండర్స్ మూడో ఏడాదే వెళ్లిపోదలచినప్పుడు, ఓక్లహోమా స్టేట్ మీద ఎన్‌సీఏఏ ఆంక్షలు ఉన్నాయన్న కారణంతో అతనికి ప్రత్యేక అనుమతి దొరికింది. మరుసటి ఏడాది నుంచి మూడేళ్లు నిండిన అందరికీ లీగ్ దారి తెరిచింది.

ఆ మూడేళ్ల గీతను కోర్టులో ఎదిరించినవాడు మారిస్ క్లారెట్. 2002లో ఒహాయో స్టేట్‌లో మొదటి ఏడాది విద్యార్థిగానే 1,237 గజాలు సాధించి, 2003 జనవరిలో మయామీ మీద జరిగిన జాతీయ ఛాంపియన్‌షిప్ ఆటలో రెండో అదనపు సమయంలో విజయం తెచ్చిన టచ్‌డౌన్ చేశాడు. ఆ తరువాత నిబంధనల ఉల్లంఘన ఆరోపణలపై 2003 సీజన్ మొత్తానికీ అతణ్ణి పక్కనపెట్టారు. కళాశాల ఆడనివ్వదు, ఎన్‌ఎఫ్‌ఎల్ తీసుకోదు. ఆ స్థితిలో పోటీ చట్టాల (మార్కెట్లో గుత్తాధిపత్యాన్ని అరికట్టే చట్టాల) కింద లీగ్ మీద దావా వేశాడు. 2004 ఫిబ్రవరిలో జిల్లా న్యాయమూర్తి షిరా షైండ్లిన్ అతని పక్షాన తీర్పు ఇచ్చారు. కొద్ది నెలల్లోనే అప్పీలు కోర్టు దాన్ని తిరగదోసింది. ఆ తీర్పు రాసినది తరువాత సుప్రీంకోర్టుకు వెళ్లిన సోనియా సోటోమయోర్.

ఈ వివాదంలో రెండు వాదనలనూ గౌరవించవలసిందే. 19 ఏళ్ల దేహం పాతికేళ్లు దాటిన 120 కిలోల మనుషుల దెబ్బలకు సిద్ధంగా ఉండదని, మూడేళ్ల నిరీక్షణ కుర్రవాళ్లకే రక్ష అని లీగ్ అంటుంది. దెబ్బలు కళాశాలలోనూ తగులుతాయి, తేడా అల్లా అక్కడ జీతం లేకపోవడమే అని ఎదుటివారు అంటారు. అప్పీలు కోర్టు ఈ రెండింటిలో ఏది న్యాయమన్న జోలికి పోలేదు. అర్హత నియమాలు లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య జరిగే కార్మిక బేరసారాల పరిధిలోనివి గనుక పోటీ చట్టం వాటిని తాకదని తేల్చింది. ఇంకా సభ్యుడే కాని కుర్రవాడి భవితవ్యాన్ని సంఘం సభ్యులు బేరమాడవచ్చునా అన్న ప్రశ్న నాకు ఇప్పటికీ మింగుడుపడదు గానీ, చట్టం స్థితి అదే. 2005లో, ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, డెన్వర్ మూడో రౌండ్‌లో క్లారెట్‌ను ఎంచుకుంది. సాధారణ సీజన్‌లో ఒక్క ఆట కూడా ఆడకుండానే అతని కథ ముగిసింది.

మోకాలు

మార్కస్ లాటిమోర్ 2010లో సౌత్ కరోలినా విశ్వవిద్యాలయానికి వచ్చిన తొలి ఏడాదే 1,197 గజాలు, 17 టచ్‌డౌన్ పరుగులు చేశాడు. 2011 అక్టోబర్‌లో ఎడమ మోకాలి లిగమెంట్లు తెగాయి. కోలుకుని వచ్చాడు. 2012 అక్టోబర్ 27న టెనెసీతో ఆటలో కుడి మోకాలు కీలు తప్పి, లిగమెంట్లు ఒకటికి మించి తెగిపోయాయి. ప్రత్యర్థి జట్టు ఆటగాళ్లు కూడా మైదానంలోకి వచ్చి అతని చుట్టూ నిలబడ్డారు. 2013లో శాన్ ఫ్రాన్సిస్కో నాలుగో రౌండ్‌లో అతణ్ణి నమ్మి ఎంచుకుంది. ఒక్క ఆట కూడా ఆడకుండానే 2014లో రిటైరయ్యాడు. 2,677 గజాలు, 38 టచ్‌డౌన్ పరుగులు ఉన్న అతని ఆటజీవితమంతా జీతం లేని మూడేళ్లలోనే గడిచిపోయింది.

దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకు ఇంతకన్నా పాత, ఇంతకన్నా బరువైన ఉదాహరణ కెంట్ వాల్డ్రెప్. 1974 అక్టోబర్‌లో టెక్సస్ క్రిస్టియన్ విశ్వవిద్యాలయం తరఫున అలబామా మీద బంతి మోస్తూ పడిన ఈ రన్నింగ్ బ్యాక్‌కు మెడ కింద శరీరం చచ్చుబడింది. తాను విశ్వవిద్యాలయ ఉద్యోగినని, స్కాలర్‌షిప్పే తన జీతమని, కార్మికుల పరిహారం తనకు వర్తించాలని అతను తరువాత వాదించాడు. 1993లో టెక్సస్ పరిహార కమిషన్ ఒప్పుకుంది. 1997లో జ్యూరీ కాదంది. 2000లో అప్పీలు కోర్టు జ్యూరీ మాటనే నిలబెట్టింది: ఆటగాడు గానీ విశ్వవిద్యాలయం గానీ ఆనాడు దీన్ని ఉద్యోగ ఒప్పందంగా తలచలేదన్నది దాని తర్కం. విద్యార్థి క్రీడాకారుడు అన్న జంట పదాన్ని ఎన్‌సీఏఏ 1950లలో, సరిగ్గా ఇలాంటి పరిహార దావాలు మొదలైన రోజుల్లోనే ప్రచారంలోకి తెచ్చిందన్న సంగతి ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

ఈ నేపథ్యం తెలిస్తే 2016 డిసెంబర్‌లో స్టాన్‌ఫర్డ్ ఆటగాడు క్రిస్టియన్ మెకాఫ్రీ, లూసియానా స్టేట్ (ఎల్‌ఎస్‌యూ) ఆటగాడు లెనార్డ్ ఫోర్నెట్ తమ జట్ల బౌల్ ఆటలకు దూరంగా ఉండటం వింతగా తోచదు. జట్టును నడిసంద్రంలో వదిలేశారని మాజీ ఆటగాళ్లు, వ్యాఖ్యాతలు కొందరు విమర్శించారు. ఇద్దరినీ నాలుగు నెలల తరువాత మొదటి ఎనిమిది స్థానాల్లోనే ఎంచుకున్నారు. ఇప్పుడు ఆ పని చేసేవారిని ఎవరూ పెద్దగా తప్పుపట్టడం లేదు.

ఒక ట్రోఫీ పోయి వచ్చిన దారి

సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రన్నింగ్ బ్యాక్ రెజీ బుష్ 2005లో 1,740 గజాలు పరుగెత్తి హైస్‌మన్ గెలిచాడు. అతను కళాశాలలో ఉండగానే, మున్ముందు అతని వ్యాపార వ్యవహారాలు చూడాలనుకున్న కొందరు అతనికీ అతని కుటుంబానికీ ఇంటి వసతి సహా ప్రయోజనాలు కల్పించారని 2010లో ఎన్‌సీఏఏ తేల్చింది. విశ్వవిద్యాలయానికి రెండేళ్ల బౌల్ నిషేధం, 30 స్కాలర్‌షిప్‌ల కోత పడ్డాయి. గెలిచిన ఆటలు కొన్ని లెక్క నుంచి కొట్టివేశారు. ఆ ఏడాది సెప్టెంబర్‌లో బుష్ ట్రోఫీని వదులుకున్నాడు. అప్పటి నియమం ముక్కుసూటిగా ఉండేది: చదువు ఫీజు, వసతి, భోజనం, పుస్తకాలు ఇవ్వవచ్చు, అంతకు మించి ఆటపేరుతో రూపాయి ముట్టినా అతను అమెచ్యూర్ (డబ్బు కోసం ఆడనివాడు) కాడు.

ఆ నియమం కూలిన తీరు వేగంగా సాగింది. 2019లో కాలిఫోర్నియా, ఆటగాళ్లు తమ పేరుతో సంపాదించుకోవచ్చని చట్టం చేసింది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో, చదువుకు సంబంధించిన ప్రయోజనాలపై ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితులు పోటీ చట్టానికి విరుద్ధమని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో తీర్పు ఇచ్చింది. పది రోజులు తిరగకుండానే, 2021 జూలై 1 నుంచి, ఆటగాడు తన పేరు, రూపం, గుర్తింపు మీద డబ్బు తీసుకోవచ్చని ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. దీన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు. షూ కంపెనీ ప్రకటనలో కనిపించినా, ఊళ్లోని కార్ల దుకాణానికి ప్రచారం చేసినా ఆ సొమ్ము అతనిదే. దానికి తోడు, ఏడాదిపాటు ఆటకు దూరంగా కూర్చోకుండానే మరో విశ్వవిద్యాలయానికి మారే వెసులుబాటు కూడా వచ్చింది.

2024 ఏప్రిల్‌లో హైస్‌మన్ ట్రస్ట్, కళాశాల క్రీడల్లో వచ్చిన మార్పులను కారణంగా చూపి, బుష్ ట్రోఫీని తిరిగి ఇచ్చింది. కొత్త నియమాల కింద అతను చేసింది తప్పే కాదని అభిమానులంటారు. అంత సరళంగా చెప్పలేం. ఎన్‌ఐఎల్ ఒప్పందం బహిరంగంగా, ఒక పని నిమిత్తం జరిగేది. భవిష్యత్తులో నా కక్షిదారుగా ఉంటావన్న ఆశతో చాటుగా ఇచ్చేది వేరు. అందుకే ఎన్‌సీఏఏ తన పాత తీర్పును వెనక్కి తీసుకోలేదు. ట్రోఫీ ఒక సంస్థది, శిక్ష మరో సంస్థది. ఒకటి మనసు మార్చుకుంది, మరొకటి మార్చుకోలేదు.

2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన, ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన హౌస్ కేసులోని రాజీ ఇంకో అడుగు ముందుకు వేసింది. దాని ప్రకారం 2025-26 విద్యాసంవత్సరంలో ఒక్కో విశ్వవిద్యాలయం తన ఆదాయం నుంచి సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా ఆటగాళ్లకు పంచవచ్చు. పాత ఆటగాళ్లకు నష్టపరిహారంగా పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్లు చెల్లించాలి. అయినా ఆటగాడిని ఉద్యోగి అని మాత్రం అనలేదు. ఆదాయంలో వాటా పుచ్చుకునే మనిషి ఉద్యోగి కాడట. వాల్డ్రెప్ అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ అదే జవాబు.

ఎన్నో ఏట ధర పలుకుతుంది?

కళాశాల వదిలిన ఆటగాడు తనకు నచ్చిన జట్టులో చేరలేడు. ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో జట్లు వంతులవారీగా ఎంచుకుంటాయి. 2011లో లీగ్‌కూ సంఘానికీ కుదిరిన ఒప్పందం ప్రకారం, ఎంపికైన స్థానాన్ని బట్టి నాలుగేళ్ల జీతం దాదాపు ముందే ఖరారై ఉంటుంది. మొదటి రౌండ్‌లో ఎంపికైనవారిని ఐదో ఏడాది కూడా అట్టిపెట్టుకునే హక్కు జట్టుకు ఉంటుంది. ఆపైన ఫ్రాంచైజ్ ట్యాగ్ అనే నియమంతో మరో ఏడాది ఆపవచ్చు.

సేక్వాన్ బార్క్లీ దీనికి సరైన ఉదాహరణ. 1997 ఫిబ్రవరిలో పుట్టాడు. పెన్ స్టేట్‌లో 2015 నుంచి 2017 వరకు ఆడాడు. అప్పటికి ఎన్‌ఐఎల్ లేదు. 2018లో న్యూయార్క్ జెయింట్స్ రెండో స్థానంలో ఎంచుకుంది. నాలుగేళ్లు, ఐదో ఏడాది, 2023లో ట్యాగ్ చుట్టూ నడిచిన గొడవ తరువాత మరో ఏడాది. తన ఆటను తనకిష్టమైన జట్టుకు అమ్ముకునే అవకాశం మొదటిసారి 2024 మార్చిలో వచ్చింది. అప్పటికి అతనికి 27 ఏళ్లు. ఇది అన్యాయమని ఆటగాళ్ల వాదన. తొలి ఒప్పందంలోనే 3.1 కోట్ల డాలర్లకు పైగా హామీగా అందుకున్నవాడి గురించి జాలిపడనక్కరలేదని మరికొందరంటారు. రెండో స్థానంలో ఎంపికైనవాడికి ఆ మాట సరిపోతుంది గానీ, నాలుగో రౌండ్‌లో ఎంపికైనవాడికి సరిపోదు.

జట్ల లెక్క వేరు. పరుగులో సగం పుణ్యం ముందు నిలబడి దారి తెరిచే లైన్ ఆటగాళ్లది, బంతి విసరడం వల్ల వచ్చే గజాలు ఎక్కువ, కాబట్టి రన్నింగ్ బ్యాక్‌కు పెద్ద ధర అనవసరమని గణాంక నిపుణులు చాలాకాలంగా చెబుతున్నారు. 2013, 2014, 2024 డ్రాఫ్ట్‌లలో మొదటి రౌండ్‌లో ఒక్క రన్నింగ్ బ్యాక్ కూడా పోలేదు. హైస్‌మన్ సంగతి చూసినా, 2015లో అలబామా ఆటగాడు డెరిక్ హెన్రీ తరువాత 2024 వరకు ఈ స్థానం నుంచి ఎవరికీ రాలేదు. జెంటీ కూడా రెండో స్థానంతో సరిపెట్టుకున్నాడు. అయితే 2024లో ఫిలడెల్ఫియాకు వెళ్లిన బార్క్లీ 2,005 గజాలు పరుగెత్తి జట్టుతోపాటు ఎన్‌ఎఫ్‌ఎల్ తుది పోటీ సూపర్ బౌల్ గెలిచాక, ఆ వాదన కొంత తడబడింది.

క్యారీలు ఎక్కువైతే ధర పడిపోతుందన్న భయం కూడా పూర్తిగా రుజువు కాలేదు. క్విన్‌షాన్ జడ్కిన్స్ మిసిసిపీ విశ్వవిద్యాలయంలో రెండేళ్లలో 545 క్యారీలు మోసి, 2024లో ఒహాయో స్టేట్‌కు మారి, ట్రెవియాన్ హెండర్సన్‌తో పని పంచుకున్నాడు. ఇద్దరూ వెయ్యి గజాలు దాటారు, జట్టు జాతీయ ఛాంపియన్ అయింది. కళాశాల మొత్తానికి జడ్కిన్స్ క్యారీలు 739, నాలుగేళ్లు ఆడిన హెండర్సన్‌వి 590. 2025 డ్రాఫ్ట్‌లో జడ్కిన్స్ 36వ స్థానం, హెండర్సన్ 38. మరింత డబ్బు ఇస్తామని ఇతర విశ్వవిద్యాలయాల నుంచి పిలుపులు వచ్చినా బోయిసీని వీడని జెంటీ మూడేళ్లలో 750 క్యారీలు మోశాడు. అతణ్ణి లాస్ వేగస్ రైడర్స్ ఆరో స్థానంలోనే తీసుకుంది.

జెంటీ తొలి ఒప్పందం 2028 సీజన్‌తో ముగుస్తుంది. జట్టు కోరుకుంటే 2029 కూడా వారిదే. ఆ సీజన్ డిసెంబర్‌లో అతనికి 26 ఏళ్లు నిండుతాయి. ట్యాగ్ పడకపోతే, ఆ తరువాత వచ్చే మార్చిలో తన ధర తాను అడిగే వంతు అతనికి మొదటిసారి వస్తుంది.